మగ్గం గుంటలో నీలం నీళ్ళు

సాయినగర్, అనంతపురం
నవంబరు 11

కల్పనా,

కాగితం మీద ఉత్తరం చూసి నాకేదో అయిందని కంగారు పడకు. బాగానే ఉన్నాను. పొద్దస్తమానం తెర ముందు కూర్చుని కూర్చుని, ఇప్పుడు ఫోన్ వెలిగితే బోర్లా తిప్పి పెట్టేస్తున్నాను. నీతో మాట్లాడడానికి కూడా ఆ వెలుగే కావాలంటే నా వల్ల కాదు. ఆర్కిటెక్చర్ చదివే రోజుల్లో సెలవులకు ఇళ్ళకు వెళ్తే రాసుకునేవాళ్ళం కదా, అలాగే రాస్తున్నాను. నువ్వూ అలాగే జవాబు రాయి. బెంగళూరులో తపాలా పెట్టె ఎక్కడుందో వెతుక్కో.

ధర్మవరం చేనేత సంఘం వాళ్ళు ఊరి బయట బీడులో నలభై ఇళ్ళు కట్టుకుంటున్నారు. డ్రాయింగులు నావి. సంఘం పెద్ద ఆదెన్న మా నాయనకు స్నేహితుడు. ఆ ఇళ్ళలో ఒకటి మా అన్న ఓబిలేష్‌ది. అన్నా వదినా ఇప్పుడుండే అద్దె ఇంట్లో మగ్గం ఉంటే మంచానికి చోటు లేదు. ఇంటాయనేమో ఆ గుంట పూడ్చి ఇల్లు ఖాళీ చెయ్యమని రోజూ సతాయిస్తున్నాడు. వాళ్ళకిప్పుడు ఒకటే కోరిక, మగ్గం గుంట ఉన్న సొంత నేల.

నువ్వు అనంతపురం పాతూరు వ్యాపారస్థుల పిల్లవి, మా మగ్గం దగ్గర ఎప్పుడూ కూర్చోలేదు. అందుకే చెప్తున్నాను. మా వాళ్ళది గుంట మగ్గం. నేలలో గుంట తీసి, దాని గట్టున కూర్చుని, కాళ్ళు లోపలికి దించి పలకలు తొక్కుతూ నేస్తారు. మన ఎండకు పట్టు పోగు ఎండి పుటుక్కున తెగుతుంది. గుంటలోని చెమ్మే దాన్ని కాపాడుతుంది. ఆ గుంట లేకపోతే మా అన్నకది ఇల్లే గానీ బతుకుతెరువు కాదు.

డబ్బిచ్చేది ఎక్కడో ముంబయిలోని దాతల సంస్థ. వాళ్ళు మామూలు డ్రాయింగు ముట్టుకోరట. ఇల్లంతా కంప్యూటర్లో నిలబెట్టి, ఏ గోడ ఏ ఇటుకో, ఏ తలుపు ఏ చెక్కో దాని కడుపులోనే రాసి, మోడల్‌గా పంపాలట. సరే అని మూడు సాఫ్ట్‌వేర్లు తెచ్చుకుని నెల రోజులుగా వాటితో తల బాదుకుంటున్నాను.

మొదటిది ఉచితం. ఇల్లు బుద్ధిగా కడుతుంది. కట్టాక ఒక్క కిటికీని జానెడు జరిపితే చాలు, గడప, మెట్లు, కప్పు అన్నీ అలిగి ఎటో వెళ్ళిపోతాయి. వాటిని బుజ్జగించి తెచ్చేలోపు కరెంటు పోతుంది. రెండోది బొమ్మలది. చదరం గీసి పైకి లాగితే ఇల్లు వచ్చేస్తుంది. చూడడానికి ముద్దుగానే ఉంటుంది గానీ గోడంటే ఏమిటో దానికి తెలియదు. లోపలంతా డొల్ల. ఎన్ని ఇటుకలు పడతాయంటే దిక్కులు చూస్తుంది. మూడోదానికి నేను దొర అని పేరు పెట్టాను. ఏటేటా అద్దె కట్టాలి. కట్టడం ఆపిన రోజు, మనం గీసిన ఇంట్లోకి మననే రానివ్వడు. దొర లైబ్రరీలో చలిమంట గూడు ఉంది, గిన్నెలు కడిగే యంత్రం ఉంది, పియానో ఉంది. రోలు లేదు. కప్పు మీద మంచు ఎంత బరువు పడుతుందని నిన్న అడిగాడు. ధర్మవరంలో!

నువ్వు ఈ మోడళ్ళలోనే పండిపోయావు కదా. మూడింటిలో ఏ రోత నయమో చెప్పు.

హేమ

&nbsp;

జయనగర్, బెంగళూరు
నవంబరు 24

హేమా,

తపాలా పెట్టె దొరికింది. నోరు తుప్పు పట్టి ఉంది. నా ఉత్తరం దాని కడుపులో ఎన్నాళ్ళుంటుందో మరి.

నీ ఉత్తరం మా ఆఫీసు మెట్ల మీద కూర్చుని చదివి పకపకా నవ్వాను. నవ్వి చాలా రోజులైంది. నా పని ఏమిటో నీకు సరిగ్గా ఎప్పుడూ చెప్పలేదు, సిగ్గేసి. నేనిప్పుడు ఇళ్ళు గీయడం లేదు. ఎవరెవరో గీసిన మోడళ్ళు మా ఆఫీసుకు వస్తాయి. తెరవగానే ఎర్ర అక్షరాల్లో హెచ్చరికల జాబితా వస్తుంది. గోడ గోడలోకి దూరింది, తలుపు గాలిలో ఉంది, ఇలాంటివి. ఆ జాబితాను సాయంత్రానికి ఖాళీ చెయ్యడమే నా ఉద్యోగం. ఖాళీ అయిందంటే మా అనిల్ కుమార్ సార్ ముఖం వెలిగిపోతుంది. ఆ ఇంట్లో మనిషి ఉండగలడా లేదా అని ఆయన అడగడు, నేనూ చూడను. చీపురు పట్టుకునే వాళ్ళకైనా తాము ఊడ్చేది ఎవరి వాకిలో తెలుస్తుంది.

నీ ప్రశ్నకు జవాబు: దొరనే పట్టుకో. బాగుంటాడని కాదు. వాడి రోత అందరికీ అలవాటైన రోత, ఎవరినైనా అడిగి తెలుసుకోవచ్చు. కొన్ని జాగ్రత్తలు చెప్తాను. కొత్త వెర్షన్లో పొరపాటున తెరిచావంటే పాతదానికి ఇక తిరిగి పోదు. రెండు మలుపుల మెట్లు పెడితే చేతిపట్టు గోడలోకి దూరిపోతుంది, ఏడవకు. దాతల సంస్థ ఏ సాఫ్ట్‌వేర్లోనైనా తెరుచుకునేలా అందరికీ పనికొచ్చే ఫైలు అని ఒకటి అడుగుతుంది చూడు, దానిలోకి మార్చేటప్పుడు మాత్రం దేవుడికి దండం పెట్టుకో. మంచి తలుపులు దిమ్మెలవుతాయి. లేనివి ఉన్నట్టు, ఉన్నవి లేనట్టు కనిపిస్తాయి.

ఇక నీ గుంట. దొరకు నేల అంటే బల్లపరుపు. చిల్లు పెడితే కింది మట్టి పైకి కనిపిస్తుంది. మట్టిని వేరే కోయాలి, కోస్తే గోడలు కదులుతాయి. నాకొక దొంగదారి తెలుసు. వాడి లైబ్రరీలో నేలలోకి దిగే వస్తువు ఒకటుంది, ఈతకొలను. నేలనూ మట్టినీ అదే కోసుకుంటుంది. దాన్ని కుదించి, నీళ్ళు తీసేసి, మగ్గం గుంట అని పేరు మార్చి పెట్టుకో. నవ్వకు. ఇక్కడ బతకడం అంటే ఇదే.

కల్పన

&nbsp;

సాయినగర్, అనంతపురం
జనవరి 5

కల్పనా,

నీ ఈతకొలను బ్రహ్మాండంగా కూర్చుంది! నీళ్ళు తీసెయ్యబోతే దొర ఒప్పుకోలేదు, నీళ్ళు లేని కొలను వాడికి అర్థం కాదట. కనబడకుండా దాచేశాను. ఇప్పుడు నలభై ఇళ్ళలో నలభై బూడిదరంగు గుంటలు.

మేస్త్రీలు చదువుకోవాలి కదా అని పేర్లన్నీ తెలుగులో రాశాను. రాస్తే ఏముంది, గుడులూ కొమ్ములూ తలా ఒక దిక్కుకు పోయాయి. మన భాషను ముక్కలు చేసి పళ్ళెంలో పెట్టినట్టుంది. కోట్లు కోట్లు పెట్టి చేసిన సాఫ్ట్‌వేర్, గుంట అనే రెండక్షరాలు రాయలేదు. అసహ్యం వేసి లేచి వెళ్ళి ముఖం కడుక్కుని వచ్చాను. వేరే తెలుగు ఫాంటు వెతికి వేస్తే ఎలాగో కుదిరింది.

ఆదివారం కంప్యూటర్ ధర్మవరం తీసుకెళ్ళి అన్నకూ వదినకూ చూపించాను. జ్యోతి వదిన పట్టు అంటిన చేతులు కొంగుకు తుడుచుకుని వచ్చి కూర్చుంది.

"నేను కూసునేది యాడ హేమా? చూపీ."

"ఈడ, వదినా. కిటికీ ఎడమ పక్క. వెలుతురు పోగు మీద పడేటట్టు పెట్టినా."

తెర మీద ఆ గుంటను వేలితో ముట్టుకుంది. "వాన పడితే దీంట్లోకి నీళ్ళు రావు కదా?"

"ముందు వాన పడనీలేమే, అప్పుడు చూస్తాం," అన్నాడు అన్న. ముగ్గురం నవ్వాం. ఆమె మాత్రం వేలు తీయలేదు. ఎన్ని ఇళ్ళు మారినా ప్రతి ఇంట్లో గుంట తవ్వుకోవడం, పూడ్చి రావడం, అదే ఆమె బతుకు. పూడ్చనక్కరలేని గుంట ఇదొక్కటే అంది.

నిన్న అందరికీ పనికొచ్చే ఫైలుగా మార్చి ముంబయికి పంపేశాను. మార్చాక తెరిచి చూసే ఓపిక కూడా లేకపోయింది. పోయింది పీడ.

హేమ

&nbsp;

సాయినగర్, అనంతపురం
ఫిబ్రవరి 8

కల్పనా,

నువ్వు జవాబు రాయలేదు. పనిలో ఉండి ఉంటావు. అయినా రాస్తున్నాను, ఎవరికైనా చెప్పుకోకపోతే నా గుండె పగిలేటట్టుంది.

మోడల్ ఆమోదం పొంది వచ్చింది. అందులో గుంటలు లేవు. నలభై ఇళ్ళలో ఒక్కటంటే ఒక్కటి లేదు. నేలంతా అద్దంలా బల్లపరుపు. కింద ఒక వాక్యం: "నీటి కొరత ఉన్న ప్రాంతంలో విలాస సదుపాయమైన ఈతకొలనులు తొలగించడమైనది."

ఆదెన్న ఆ వాక్యాన్ని సంఘం సమావేశంలో పైకి చదివాడు. ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత గొల్లున నవ్వారు. "తాగేకి నీళ్ళు లేక ట్యాంకర్ ముందర బిందెలు పెట్టుకుని కొట్లాడతాంటే, మాకు ఈతకొలనులు గీసినావంట కదమ్మా!" అన్నాడొకాయన. నేనూ నవ్వబోయాను, నవ్వు రాలేదు. వెనక వరసలో వదిన నవ్వకుండా నన్నే చూస్తోంది.

సంస్థకు ఫోన్ చేసి అవి మగ్గం గుంటలని మొత్తుకున్నాను. అవతలి అమ్మాయి ఎంతో మర్యాదగా విని, "మోడల్‌లో అలా లేదండీ," అంది. కట్టేది నేల మీద, మాట్లాడేది మోడల్ గురించి! పరిశీలించింది బెంగళూరులో ఏదో పెద్ద ఆఫీసట. పేరు చెప్పరట. మళ్ళీ పరిశీలనకు పంపితే ఈ ఏటి నిధులు వెనక్కి పోతాయట. ఆ ఆఫీసు తానే తప్పయిందని రాసిస్తే తప్ప దారి లేదట. ఇక్కడ కాంట్రాక్టరేమో, "ఆమోదించిన కాగితంలో ఏముండాదో అదే పోస్తా. రేపు నా బిల్లు ఆపితే నువ్విస్తావా దుడ్లు?" అంటున్నాడు. వచ్చే వారం మొదటి వరసకు నేల కాంక్రీటు వేస్తారు. అన్న ఇల్లు ఆ వరసలోదే.

ఎవడో ఏసీ గదిలో కూర్చుని, మగ్గం గట్టున కూర్చునే మనిషి కాళ్ళ కింది గుంటను తుడిచి పారేశాడు. వాడి ముఖం చూడాలని ఉంది. తిట్టడానికి కాదు, తిట్టే ఓపిక కూడా లేదు. అంత సులభంగా ఎలా చేశావు నాయనా అని అడగాలని ఉంది.

నీకు అక్కడ అందరూ తెలుసు. ఆ ఆఫీసు ఏదో కనుక్కో. కాంక్రీటు వేసే లోపల.

హేమ

&nbsp;

జయనగర్, బెంగళూరు
ఫిబ్రవరి 13

ప్రియమైన హేమా,

నీ ఉత్తరం చదివి ఎంత బాధపడ్డానో చెప్పలేను. ఆలస్యానికి క్షమించు. మీ అన్నా వదినా ఎలా ఉన్నారు? నువ్వు వేళకు తింటున్నావా? ఇక్కడి కాఫీ పొడి నీకిష్టం కదా, ఒక పొట్లం పంపుతున్నాను.

ఆఫీసు కనుక్కోవడం కష్టం. ఇక్కడ అలాంటివి వీధికొకటి. కనుక్కున్నా లాభం ఏముంది? తుడిచిన మనిషికి ఏం తెలుస్తుంది చెప్పు. రోజుకు ఎన్నో ఫైళ్ళు. ఇంటింటికీ అంత నీలంగా నీళ్ళు మెరుస్తుంటే ఎవరైనా ఈతకొలనే అనుకుంటారు. మనిషి తప్పు కంటే సాఫ్ట్‌వేర్ తప్పే ఎక్కువ. అయినా వాళ్ళకు మగ్గం అంటే ఏమిటో ఏం తెలుసు?

నా సలహా వింటావా? కాంక్రీటు వెయ్యనివ్వు. ముందు ఇళ్ళు చేతికి రానివ్వు. తర్వాత నేల మీద నిలబడే చట్రం మగ్గం పెట్టుకోవచ్చు. ఇప్పుడు చాలామంది అలాగే మారుతున్నారని చదివాను. గొడవ పెద్దది చేస్తే ఉన్న ఇళ్ళు కూడా పోతాయేమో ఆలోచించు.

ఆరోగ్యం జాగ్రత్త.

నీ కల్పన

&nbsp;

సాయినగర్, అనంతపురం
ఫిబ్రవరి 21

కల్పనా,

కాఫీ పొడి అందింది. మా వాచ్‌మన్‌కు ఇచ్చేశాను.

నీ సలహా గురించి ముందు చెప్తాను. ధర్మవరం చీర అంచులో ఏనుగులూ నెమళ్ళూ వచ్చేది జకార్డు పెట్టెతో. అది మగ్గం నెత్తిన ఉంటుంది. మగ్గాన్ని గుంటలోంచి పైకెత్తి నేల మీద పెడితే ఆ పెట్టె పోయి కప్పుకు కొట్టుకుంటుంది. గుంట ఉందనే ధైర్యంతో, ఖర్చు తగ్గుతుందని, కప్పు ఎత్తు తగ్గించి గీశాను. గుంట పోతే ఆ ఇంట్లో ఏ మగ్గమూ పట్టదు. నీకు మగ్గం తెలియకపోవచ్చు, ఎత్తు తెలుసు కదా. లెక్క చూడకుండా నోటికొచ్చిన సలహా ఇచ్చే మనిషివి కాదు నువ్వు. అందుకే నీ ఉత్తరం మళ్ళీ చదివాను.

నువ్వు నన్ను ఎప్పుడైనా "ప్రియమైన" అన్నావా?

నీళ్ళు నీలంగా ఉన్నాయని నీకెవరు చెప్పారు కల్పనా? నా ఫైల్లో నీళ్ళు కనబడవు. దాచేశానని రాశాను. బూడిదరంగు గుంటలని కూడా రాశాను. మొన్న అనుమానం వచ్చి, సంస్థకు పంపిన ఫైలును ఇంకో కంప్యూటర్లో తెరిచాను. నేను దాచిన నీళ్ళు మార్పిడిలో బయటికి వచ్చేశాయి. నలభై ఇళ్ళలోనూ నీలంగా తళతళలాడుతున్నాయి. ఆ నీలాన్ని నాకంటే ముందు చూడగలిగింది ఒక్కరే, ఆ మోడల్‌ను పరిశీలించిన మనిషి.

నువ్వేనా?

మొన్న మొదటి వరసకు కాంక్రీటు వేశారు. నేను ఆపమని అరుస్తూనే ఉన్నాను. అన్న నన్ను చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్ళాడు. వదిన, తను కూర్చోవలసిన చోట కంకర పడుతుంటే చూస్తూ నిలబడింది. తర్వాత నన్ను ఒకే మాట అడిగింది. "ఇప్పుడు కాళ్ళు యాడ పెట్టల్ల హేమా?"

జవాబు రాయి. కాఫీ పొడి వద్దు.

హేమావతి

&nbsp;

జయనగర్, బెంగళూరు
ఫిబ్రవరి 27

హేమా,

నేనే.

ఫైలు మీద ఊరి పేరు లేదు, నీ పేరు లేదు. ఒక అంకె ఉంది. తెరిస్తే ఎర్ర జాబితా పొడుగ్గా దిగింది. సగం ఆ కొలనుల వల్లే, నేల కింద నీళ్ళు, గొట్టాలు లేవు, కాలువ లేదు అని. నువ్వు తెలుగులో రాసిన పేరు నా తెర మీద ఖాళీ గళ్ళుగా వచ్చింది. పేదవాళ్ళ ఇళ్ళలో ఈతకొలనులేమిటని చిన్నగా నవ్వుకున్నాను కూడా. ఒకదాన్ని పట్టుకుని, ఇలాంటివన్నీ ఎంచుకో అని చెప్పి, తుడిచేశాను. నేల తనంతట తానే పూడుకుంది. జాబితా ఖాళీ అయింది. కింద పెట్టిన వాక్యం కూడా నేను రాసింది కాదు, సిద్ధంగా ఉన్న వాక్యాల్లో ఒకటి నొక్కాను. టీ చల్లారకముందే పని అయిపోయింది.

ఆ దొంగదారి నీకు చెప్పింది నేనే. అది చెప్పిన నోటికీ, తుడిచిన చేతికీ మధ్య ఒక్కసారైనా ఆలోచన తిరగలేదు. అంత మొద్దుబారిపోయాను. గుంటలు పోయాయని నువ్వు రాసిన ఉత్తరం చదవగానే అర్థమైంది. కాంక్రీటు వెయ్యడానికి అప్పటికింకా రోజులున్నాయి. అప్పుడే చెప్పి ఉంటే మీ అన్న ఇంట్లో గుంట నిలిచేది. భయపడ్డాను. ఉద్యోగం పోతుందని కాదు, నీకు తెలుస్తుందని. కాఫీ పొడి కొంటుంటేనే నా మీద నాకు అసహ్యం వేసింది.

నీ ఉత్తరం అందిన రోజే సంస్థకు నా పేరు మీద రాసిచ్చాను, తప్పు నాది, అవి మగ్గం గుంటలు అని. ఒప్పుకున్నారు. మిగతా వరసలన్నిటికీ గుంటలు పెట్టి మోడల్ మళ్ళీ పంపాను. మొదటి వరస మాత్రం తెరవరట. వాళ్ళ లెక్కలో ఆ నేల పూర్తయిపోయింది, పూర్తయినదాన్ని మార్చే వీలు ఆ పద్ధతిలోనే లేదట.

అనిల్ కుమార్ సార్ తిడతాడనుకున్నాను. కళ్ళు మెరిశాయి ఆయనకు. "మగ్గం గుంటను ఒక వస్తువుగా తయారు చేసి లైబ్రరీలో పెడదామమ్మా. దేశమంతా నేతగాళ్ళున్నారు. ఏడాదికింత అని అద్దెకిద్దాం," అన్నాడు. బాత్రూంలోకి వెళ్ళి వాంతి చేసుకున్నాను. నిజంగానే.

క్షమించమని అడగను.

కల్పన

&nbsp;

సాయినగర్, అనంతపురం
మార్చి 23

కల్పనా,

వెంటనే రాయకపోవడానికి కారణం కోపం. ఇంకా ఉంది. తుడిచినందుకు కాదు, అది నేనైనా చేసేదాన్నేమో. మార్చిన ఫైలును తెరిచి చూడని బద్ధకం నాదీ. కానీ నా వదిన కాళ్ళ కింద నేల పూడుతోందని తెలిసి, నా తిండి గురించి అడిగావు చూడు, అది నా గొంతులోనే ఉంది. దిగడం లేదు.

మిగతా వరసల్లో గుంటలు తీస్తున్నారు. వాళ్ళంతా నాకు దండాలు పెడుతున్నారు. మొదటి వరస వాళ్ళు పెట్టడం లేదు.

అన్నకూ వదినకూ అంతా చెప్పేశాను, నీ పేరుతో సహా. అన్న బీడీ ఆర్పి, "పోనీలేమ్మా, తెలీక చేసింటాది," అన్నాడు. వదిన ఒప్పుకోలేదు.

"ఏమప్పా పోనీలే అనేది? ఇండ్లు చేతికొచ్చినంక ఈ నేల మేమే పగలగొట్టుకుంటాం, మమ్మల్ని ఆపేటోడు ఎవుడూ లేడు. ఆ పిల్లను రమ్మను హేమా. యాడ పూడ్చిందో ఆడే తవ్వల్ల. గడ్డపార నేనిస్తా."

సరదాకు అన్న మాట కాదది. ఏప్రిల్ ఆఖరులో తాళాలు ఇస్తారు. వస్తావో రావో నీ ఇష్టం. నేను బతిమాలను.

హేమ

&nbsp;

జయనగర్, బెంగళూరు
మే 6

హేమా,

అక్షరాలు వంకరగా ఉన్నాయని విసుక్కోకు. అరచేతుల్లో బొబ్బలు ఇంకా మానలేదు. మౌస్ పట్టుకోవడం కుదరడం లేదు.

ఆ రోజు మీ అన్న కొత్త ఇంటి గడపలో నిలబడినప్పుడు జ్యోతి వదిన నన్ను తిడుతుందని, తిడితే బాగుండునని అనుకున్నాను. ఆమె గడ్డపార నా చేతికిచ్చి, "ఈడ," అని కాలి బొటనవేలితో చూపించింది, అంతే. మొదటి దెబ్బకు గడ్డపార ఎగిరి నా భుజానికే తగిలింది. తెర మీద ఒక్క నొక్కుతో పూడిన గుంట, తవ్వడానికి ఎంత సేపు పట్టిందో నువ్వూ చూశావు. మీ అన్న రెండుసార్లు గడ్డపార అడిగాడు. ఆమె ఇవ్వనివ్వలేదు. నాకు ఇక చేతకాక కూలబడ్డాకే, తను చీర కుచ్చెళ్ళు దోపుకుని దిగింది. సాయంత్రం నువ్వు నా ముఖం చూడకుండానే నా చేతులకు కొబ్బరినూనె రాశావు. నీ గొంతులోది ఇంకా దిగలేదని నాకు తెలుసు. దిగేదాకా ఉత్తరాలు రాస్తూనే ఉంటాను.

ఇక్కడి సంగతి. తాళాలు ఇచ్చాక, కట్టిన ఇళ్ళు కట్టినట్టే ఇంకో కొత్త మోడల్‌లో చూపించాలని సంస్థ నియమం. మీ అన్న ఇంటి ఫోటోలు చూసి ఆ గుంటను నేనే ఎక్కించాను. ఈతకొలనుతో కాదు, గీతా గీతా నా చేత్తో. దొరకు అస్సలు నచ్చలేదు. మనం తవ్విన అంచులు తిన్నగా లేవు కదా, ఒక పక్క వెడల్పు, ఒక పక్క సన్నం. తెర నిండా ఎర్ర హెచ్చరికలు. నేల తెగింది, అంచు కలవలేదు, కొలత తప్పింది.

అనిల్ కుమార్ సార్ వెనక నుంచి చూశాడు. "ఏమిటమ్మా ఈ ఎరుపు? ఆ గుంట పూడ్చేసి జాబితా ఖాళీ చేసెయ్. ఒక్క నొక్కు."

"కుదరదు సార్," అన్నాను.

"ఎందుకు కుదరదు?"

"అందులో మనిషి కాళ్ళున్నాయి సార్."

కల్పన